అవ్వల్ దర్జా చెరువు

అంట్ల తొట్టిలో తెల్ల పళ్ళెం మునుగుతుంటే నేను ఇప్పటికీ లెక్కపెడతాను. తొట్టి మూరెడు లోతు కూడా ఉండదు. పళ్ళెం అడుగుకు చేరి, అక్కడ కనబడుతూనే ఉంటుంది. అయినా అది మాయమయ్యే క్షణం కోసం నా కళ్ళు కాచుకుని ఉంటాయి. మా ఇంట్లో చాలా ఏళ్ళుగా స్టీలు పళ్ళేలే వాడుతున్నారు కనుక ఈ బాధ రోజూ లేదు. చుట్టాలొచ్చి అటక మీది పింగాణి పళ్ళేలు దించిన రోజు మాత్రం నేను పెరటివైపు పోను. మా కోడలు దీన్ని వయసు మీద పడ్డ చాదస్తం అనుకుంటుంది. అనుకోనిచ్చాను.

డైరీ రాయడం నాకు ఉద్యోగంతోపాటు వచ్చిన అలవాటు. మొదటి డైరీలలో నెలల పేర్లు నిజాం సర్కారు ఫసలీ లెక్కలో ఉంటాయి: ఆజూర్, దై, బహ్మన్. మొన్న చలికాలం వాటిని వరసగా తీసి, చెరువుల లెక్కలన్నీ మరోసారి సరిచూశాను. ఎక్కడ ఎంత లోతు చూశానో, నీటి రంగేమిటో, వాసన ఉందో లేదో, అన్నీ ఉన్నాయి. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరికి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

మాది పాలమూరు జిల్లాలో కొత్తకోట దగ్గరి పల్లె. మా నాయిన నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడడం నీరటి పని. అది మా వాడవాళ్ళకు తరతరాలుగా వచ్చే పని. ఊరి పొలాలన్నిటికీ నీళ్ళు మా నాయిన చేతి మీదుగానే పోయేవి. ఊరబావి చేదను మాత్రం ఆయన ముట్టకూడదు. ఇందులో వింతేమీ మాకు తోచేది కాదు. మా తాత కాలంలో మా ఇల్లు కిరస్తానీలలో కలిసింది కనుక, నాకు పాదిరి బడిలో చదువు అబ్బింది. తెలుగుతోపాటు ఉర్దూ రాయడం కూడా వచ్చింది. ఆ ఉర్దూ వల్లే సర్కారు నౌకరీ దొరికింది.

ఒక ఏడాది గత్తర, అంటే కలరా, వచ్చి పల్లెలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత, మనుషులు తాగే చెరువులను పరీక్షించి వాటికి దర్జాలు కట్టాలని పైనుంచి హుకుం వచ్చింది. దర్జాలు మూడు. అవ్వల్ అంటే ఉన్న నీళ్ళు ఉన్నట్టే తాగవచ్చు. దోయం అంటే వడకట్టి, కాచి తాగాలి. సోయం అంటే పొలానికీ, పశువుకూ తప్ప పనికిరాదు. నేను చేరిన పని ఇదే. నా పైన ఒక ఇన్‌స్పెక్టర్ సాబు ఉండేవాడు. ఆయన పట్నం మనిషి, మంచివాడు. ఎండకు తాళలేక డేరాలో ఉండేవాడు. చెరువులోకి నేను దిగేవాణ్ణి.

పరికరాలు ఎక్కువేమీ లేవు. రెండు మూతబిరడా సీసాలు, వాసన చూడడానికి. ఒక తెల్ల పింగాణి పళ్ళెం, దానికి మూడు బెజ్జాలు, కింద కట్టడానికి ఒక రాయి, జానకొక ముడి వేసిన తాడు. నడి మధ్యాహ్నం, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు, పళ్ళేన్ని నీళ్ళలోకి దించాలి. ఏ ముడి దగ్గర అది కంటికి కనబడకుండా పోతుందో చూడాలి. మళ్ళీ పైకి లాగుతూ ఎక్కడ కనబడిందో చూడాలి. రెంటికీ నడుమనున్నది ఆ చెరువు తేట. చాలా చెరువులలో పళ్ళెం నాలుగైదు ముళ్ళకే పోయేది. కొన్ని ఊళ్ళలో పటేలు మనిషి నా కులం మీద అనుమానంతో గట్టు మీద నిలబడి నన్ను కనిపెట్టి చూసేవాడు. తాడు ముట్టుకుంటే తప్పులేదు, పళ్ళెం నీళ్ళలో మునిగితే తప్పులేదు, నా చెయ్యి మణికట్టు దాకా తడిస్తే మాత్రం దగ్గేవాడు.

ఇక ఆ చెరువు. ఊరి పేరు రాయను. అక్కడి కట్ట మీద నిలబడితే భువనగిరి గుట్ట బోర్లించిన కుండలా కనబడుతుంది. మేము పోయింది ఖుర్దాద్‌లో, అంటే ఏప్రిల్ నెలలో. నీళ్ళు వెనక్కి తగ్గి కట్ట కిందికి చేరాయి. పైకి తేలిన చెరువు పొట్టలో బారులుగా ఎడ్లబండ్లు. రైతులూ కూలీలూ ఒండ్రుమట్టి తవ్వి, తట్టలతో బండ్లకెత్తి, పొలాలకు తోలుకుపోతున్నారు. వాడ ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నాచు పీకి గట్టున కుప్ప వేస్తున్నారు. అది కూడా ఎరువుకే.

నన్ను తెప్ప మీద లోపలికి తీసుకుపోయినవాడు ఆ చెరువు నీరటి. డెబ్బై దాటిన మనిషి. తెప్ప నడుమకు పోయాక నేను పళ్ళెం దించాను. ఆయన వంగి చూశాడు.

"ఏం దొరా, పళ్ళెంల బువ్వ లేకపాయె. ఉట్టి పళ్ళెమే ముంచుతున్నవ్?"

"నీళ్ళు ఎంత తేటగ ఉన్నయో చూస్తున్న తాతా."

"గంతేనా. గందుకు పట్నంకెంచి వచ్చిండ్రా? నన్నడిగితే జెప్పకపోదునా?"

పళ్ళెం దిగుతూనే ఉంది. అయిదో ముడి, ఆరో ముడి. సన్నటి పరక చేపలు గుంపుగా వచ్చి పళ్ళెం చుట్టూ తిరిగి, తినడానికేమీ లేదని వెళ్ళిపోయాయి. ఎనిమిది. తొమ్మిది. పదో ముడి దగ్గర అది లేత ఆకుపచ్చ మచ్చలా మారి, ఆ తర్వాత లేకుండా పోయింది. పది జానలు, అంటే అయిదు మూరలు. నా ఉద్యోగం మొత్తంలో పళ్ళెం అంత లోతున కనిపించిన చెరువు ఇంకొకటి లేదు. అంత తేట నీటిని పైనుంచి చూస్తే కాలు కింద తెప్ప లేనట్టు ఉంటుంది.

"ఏ ఊరు దొరా మీది?" అన్నాడు ముసలాయన, నేను అంకె రాసుకుంటుంటే.

"కొత్తకోట దిక్కు."

"నాయిన ఏం జేస్తడు?"

ఈ ప్రశ్న ఎవరడిగినా సేద్యమని చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు ఎందుకో నిజం నోట్లోంచి వచ్చింది. "నీరటి."

ఆయన గడ వేయడం ఆపాడు. తెప్ప తనంతట తాను కొంచెం తిరిగింది. ఆ తర్వాత ఆయన నన్ను దొరా అనలేదు.

"నీరటి కొడుకువా బిడ్డా. నీళ్ళకు దర్జాలు రాస్తున్నవ్. మీ నాయినకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఏమన్నడు?"

"నీళ్ళకు గుడ దర్జాలుంటయారా అన్నడు."

"ఎందుకుండయ్? మనుషులకు లేవా?" అని ఆయన నోరు తెరిచి నవ్వాడు. పళ్ళు రెండో మూడో ఉన్నాయి. నవ్వడం అయిపోయాక మెల్లగా అన్నాడు: "ఊరోళ్ళకు బాయి ఉన్నది బిడ్డా. మా వాడకు గీ చెరువే. తాగుడు గిదే, వండుకునుడు గిదే. మంచిగ రాయి."

మంచిగ రాయడానికి నేను అబద్ధం ఆడనవసరం లేదు. నీళ్ళే మంచివి.

అయితే నా పద్ధతి ప్రకారం ఒకే చోట చూస్తే సరిపోదు. తెప్పను బండ్ల దగ్గరికి, ఒడ్డు పక్కకు పట్టించాను. అక్కడ ఎడ్లు తొక్కి, చక్రాలు దిగబడి, నీళ్ళు అంబలిలా ఉన్నాయి. పళ్ళెం రెండో ముడికే పోయింది. నేను అదీ రాసుకుని, "గీ బండ్లు రాకుంటే చెరువంత అద్దం లెక్క ఉంటది గద తాతా" అన్నాను.

"బండ్లు రాకుంటే చెరువుకు అజీర్తి జేస్తది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వకు. వాన పడితే పొలాలల్ల పెండ, ఆకు, అలము, సారమంత కొట్టుకొచ్చి గీ కడుపుల పడతది. ఎండకాలం మళ్ళ తీసి పొలానికి పెట్టాలె. పెట్టకుంటే తిన్నది అరగదు. పచ్చగయితది, కంపుగొడతది, చాపలు తేలుతయ్. మా తాత జెప్పిండు. ఆయన ఒకపారి చూసిండట."

ఈ మాటలన్నీ ఆ రోజు డైరీలో ఉన్నాయి, ఆయన అన్నవి అన్నట్టే. ఉద్యోగం చివరి రోజుల్లో, జిల్లా ఆఫీసులో ఒక కుర్ర ఇంజనీరు నాకు ఎంతో ఓపిగ్గా వివరించాడు. చెరువులను ఇప్పుడు వాటిలో చేరిన పోషకాలను బట్టి విడదీస్తారట. పోషకాలు తక్కువైనవి తేటగా ఉంటాయట, మితిమీరినవి పచ్చబడి ఊపిరాడక చస్తాయట. నేను విన్నాను. ఆ మాట అంతకుముందు వినలేదని ఆయన అనుకున్నాడు.

ఆ సాయంత్రం డేరాలో అచ్చుకాగితం నింపుతున్నాను. దర్జా: అవ్వల్. చివరన కైఫియత్ అనే గడి ఉంటుంది, మన అభిప్రాయం రాయడానికి. నేను దాన్ని వదిలేశాను. సాబు కాగితం అందుకుని, "ఖానా ఖాలీ మత్ ఛోడో మియా" అన్నాడు. ఖాళీ గడి ఉన్న కాగితం పై ఆఫీసులో పని చేయనివాడి కాగితంలా కనిపిస్తుందట. ఇంత మంచి చెరువును ఇలాగే కాపాడాలంటే ఏం చేయాలో రాయమన్నాడు.

నేను రాశాను. బర్రెలను దింపరాదు. బట్టలు ఉతకరాదు. చెరువు గర్భంలోకి బండ్లు రారాదు, మట్టి తవ్వరాదు, నాచు పీకరాదు. ఆధారంగా రెండు లెక్కలూ పక్కపక్కన వేశాను: నడుమన పది ముళ్ళు, బండ్ల దగ్గర రెండు ముళ్ళు. సాబు చదివి చాలా మెచ్చుకున్నాడు.

ముసలాయన మాట నాకు గుర్తు లేక కాదు. అంతకు గంట ముందే డైరీలో రాసుకున్నాను. ఒండ్రు కావలసిన రైతులు ఆయన చేత అలా చెప్పించి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అసలు కారణం అది కాదు. చెరువుకు అజీర్తి చేస్తుందని సర్కారు కాగితం మీద రాస్తే, ఇది ఎక్కడి మాట అని అడుగుతారు. అది నీరటి మాట. నేను ఎక్కడినుంచి వచ్చానో ఆ ఒక్క మాట వల్ల బయటపడుతుందని నాకు భయం వేసింది.

రెండేళ్ళ తర్వాత దర్జాలు తిరిగి చూసే పని పడింది. అదే ఎండకాలం. కట్ట ఎక్కకముందే వాసన తగిలింది, ఉడకబెట్టిన ఆకును మూసిపెట్టి మరిచిపోయినట్టు. కట్ట మీద ఒక పలక పాతి ఉంది. దాని పక్క చెట్టు నీడలో చౌకీదారు కూర్చుని ఉన్నాడు. నేను రాసిన మాటలు ఆ పలక మీద ఉర్దూలోనూ తెలుగులోనూ ఉన్నాయి. చెరువు పొట్టలో బండ్లు లేవు. రెండేళ్ళుగా రాలేదు.

నీళ్ళు పచ్చగా ఉన్నాయి అంటే చాలదు. గోడకు వేసే పచ్చరంగును డబ్బాలో కలిపి వదిలేసినట్టు ఉన్నాయి. గాలి వాటానికి ఒడ్డుకు చేరిన చోట మీగడ కట్టి, ముడతలు పడి ఉంది. ఆ మీగడలో చిన్న పరకలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. ఒడ్డున రెండు బర్రె దుడ్డెలు చచ్చి పడి ఉన్నాయి. వాటిని తీసేవాళ్ళు కూడా దగ్గరికి రాలేదు.

నీరటి తాత తెప్ప తెచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నేను పళ్ళెం దించాను. మొదటి ముడి కూడా మునగకముందే అది పోయింది. పచ్చటి నీళ్ళు దాన్ని మూసేశాయి. నా చేతిలో తాడు ఉంది, దాని కొసకు బరువు తెలుస్తోంది, కానీ కింద ఏమీ లేదు. నేను చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాను. ఈ నాటికీ మధ్యాహ్నం భోజనం చేసి కాస్త ఒరిగినప్పుడు నా కుడిచేతికి ఆ బరువు తగులుతుంది. కళ్ళు తెరిస్తే చెయ్యి పిడికిలి బిగించి ఉంటుంది. అందుకే నేను మధ్యాహ్నం పడుకోవడం మానేశాను. రాత్రులతో నాకు ఏ ఇబ్బందీ లేదు.

"అజీర్తి జేసింది బిడ్డా" అన్నాడు ముసలాయన.

నేను పళ్ళెం పైకి లాగాను.

"మట్టి తోలొద్దని, నాచు పీకొద్దని రాసిండ్రు. నేను పటేలుకు జెప్పిన, గా చౌకీదారుకు జెప్పిన. కాయితమున్నదంటరు. ఎవలు రాసిండ్రు బిడ్డా గా కాయితం?"

"పై ఆఫీసు" అన్నాను.

"నువ్వుండంగ గట్లెట్ల రాసిండ్రు? నీరటి కొడుకువు గద. జర జెప్పకపోతివా?"

"చెప్పిన. వినలే."

ఆయన తల ఊపాడు. నన్ను నమ్మాడు. ఆయన ముఖంలో అనుమానం ఏ మూలనైనా ఉంటుందేమోనని నేను వెతికాను. లేదు.

"ఇప్పుడేం రాస్తవ్?"

"ఉన్నదే రాయాలె తాతా. సోయం."

"సోయమంటే?"

"తాగొద్దని."

"మరి మేమేం తాగాలె?"

వాడకు బావి తవ్వించమని కైఫియత్‌లో రాస్తాననీ, మట్టి తోలుకోనివ్వమని రాస్తాననీ చెప్పాను. "రాయి బిడ్డా, జల్ది రాయి. వానలు పడకముందే తీయాలె. వానలు పడితే ఇంకో ఏడాది" అన్నాడు ఆయన.

రాశాను. ఆ రోజే రాశాను. సోయం అన్న మాట వెంటనే అమలైంది. అది ఒక్క మాట కనుక దానికి ఎవరూ ఏమీ అడగలేదు. మిగతా కాగితం మాత్రం మూడు వారాలకు తిరిగి వచ్చింది. రెండేళ్ళ కింద మట్టి తీయరాదని రాసిన ఉద్యోగే ఇప్పుడు తీయాలని రాయడానికి కారణమేమిటో తెలపాలని ఎర్రసిరాతో అడిగారు. కారణం తెలిపితే హుకుం ఇచ్చేవారే. ఆ ఆఫీసును నేను తప్పుపట్టను.

కారణం ఒక్క వాక్యం. మొదట రాసినది పొరపాటు, చెరువు నీరటి చెప్పినా నేను వినలేదు. ఉర్దూలో పన్నెండు మాటలు కూడా కావు. నేను దాన్ని రాసి, చింపేశాను. మరోలా రాసి, అదీ చింపేశాను. నా బల్ల మీద ఏ కాగితమూ మూడో రోజు దాకా ఆగేది కాదని ఆఫీసులో నాకు పేరు. ఆ కాగితం ఆగింది. డైరీలో రోజూ ఒక వాక్యం ఉంటుంది, 'చెరువు జవాబు పంపవలె' అని. ఇరవై రెండు రోజులు వరసగా అదే వాక్యం. ఇరవై మూడో రోజు 'వాన' అని ఉంది.

మరుసటి ఎండకాలానికి సర్కారు మీది తిరుగుబాటుతో జిల్లా అంతా తలకిందులైంది. ఊళ్ళలో పటేళ్ళు, పట్వారీలు ఇళ్ళు వదిలి పట్నాలకు చేరారు. చౌకీదార్లు లేరు. ఎవరు ఎప్పుడు ఎటునుంచి వస్తారోనని మనుషులు మాట్లాడడమే తగ్గించారు. మా ఆఫీసు పేరుకు తెరిచి ఉండేది. నేను సెలవు కాగితం రాసి బల్ల మీద పెట్టి, భువనగిరి దాకా రైలులో పోయి, అక్కడినుంచి నడిచాను. ఎందుకు పోతున్నానో నాకే స్పష్టంగా తెలియదు. సంచిలో పళ్ళెం కూడా లేదు.

చెరువు దాదాపు ఎండిపోయింది. కట్ట మీది పలక ఎవరో పీకేశారు. పొట్టలో బండ్లు ఉన్నాయి. ఎవరి హుకుమూ లేకుండా ఊరు ఊరంతా మట్టి తోలుకుంటోంది. నేను కిందికి దిగాను. తవ్విన గుంట అంచున మట్టి పొరలు కనబడుతున్నాయి. పైన పెళుసుబారిన బూడిదరంగు పెచ్చు. అడుగున ఎర్రగా, శుభ్రంగా ఉన్న పాత ఒండ్రు. రెంటికీ నడుమ, రెండు వేళ్ళ మందాన, నల్లటి జిగట పొర. పార దిగినప్పుడల్లా దానినుంచి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేది. ఆ పొర చెరువంతా ఒకే మందంతో పరుచుకుని ఉంది. ఎక్కడ తవ్వినా ఉంది. నేను రాసిన మాట చెరువు అడుగున అలా పేరుకుని ఉంది. దాన్ని కొలిచే పని నాకు ఎవరూ చెప్పలేదు, అయినా వేళ్ళు పెట్టి కొలిచాను.

కూలీలలో ఒక ముసలమ్మ నన్ను చూసి, "పళ్ళెం సారువా?" అంది. నీరటి తాత పెండ్లాం. ఆమెను అంతకుముందు కట్ట మీద దూరం నుంచి చూశాను తప్ప మాట్లాడలేదు. ముసలాయన ఎక్కడని అడగవలసిన పని పడలేదు. ఆమె చేతులకు గాజులు లేవు.

"వానల్ల పోయిండు" అంది. "చెరువు నీళ్ళు ముట్టనియ్యకపోతే, గా గుట్ట కింద రాళ్ళు కొట్టిన గుంత ఉంటది, గా నీళ్ళు తెచ్చుకున్నం. వాంతులు, బేదులు. గత్తరన్నరు కొందరు. కాదన్నరు కొందరు. వాడల శానమంది పోయిండ్రు. ఆయన గుడ పోయిండు."

నేను ఒక తట్ట తీసుకున్నాను. ఆమె వద్దనలేదు. పక్కనున్న పడుచు ఒకతి, "సారుకు తట్ట కొత్తగాదు లెక్కుంది, చుట్టకుదురు మంచిగనే పెట్టుకున్నడు" అంది. మిగతావాళ్ళు నవ్వారు. మా అమ్మతో చిన్నప్పుడు మోసిందే, తల దాన్ని మరిచిపోలేదు. మధ్యాహ్నం దాకా మోశాను. తట్ట నిండితే దాన్ని తలకెత్తడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ముసలమ్మ నాకు ఎత్తేది, నేను ఆమెకు ఎత్తేవాణ్ణి. ఒకరి తట్టకు ఒకరు చెయ్యి వేస్తూ చాలా బండ్లు నింపాము.

అలా ఒకసారి ఎత్తుతుంటే ఆమె అంది: "మా ముసలోడు నీ ముచ్చటే చెప్తుండె. వాడోళ్ళు నిన్ను తిట్టిండ్రు బిడ్డా. గా పళ్ళెపోడు వచ్చినంకనే చెరువు చెడ్డదని. ఆయన ఒప్పుకోలే. మన పిలగాడు జెప్పిండు, పైనోళ్ళు వినలే, మన పిలగాడు గట్ల రాసేటోడు గాదు అని అందరితోని కొట్లాడిండు. పడకల పడ్డంక గుడ గదే మాట."

తట్ట ఆమె తల మీద కుదురుకుంది. నా చేతులు ఇంకా దాని అంచు మీదే ఉన్నాయి.

"అవ్వా, గది రాసింది నేనే" అన్నాను. "పై ఆఫీసు కాదు. తాత నాకు ముందే జెప్పిండు. ఇనకుంట రాసిన. మళ్ళ నిరుడు కారణమేందని అడిగితే గుడ జవాబు పంపలే."

ఆమె తట్ట దింపేసింది. మట్టి నా పాదాల మీద పడింది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకెందుకు జెప్పినవ్?" అంది.

నేను పక్కకు ఒరిగిన తట్టను నిలబెట్టాను.

"ఆయన ఉన్నప్పుడు జెప్పకపోతివి. జెప్తే తిడుతుండె, కొడుతుండె, నీతోనే కాయితం రాపిస్తుండె. ఇప్పుడెందుకు జెప్పినవ్? మన పిలగాడు మంచోడని ఆయన పోయిండు. ఆయన అనుకున్నదన్నా నాకు మిగలకపాయె."

ఆమె వంగి, చెదిరిన మట్టిని రెండు చేతులా తట్టలోకి తోడుకుంది. తట్ట నిండింది. నేను ఎత్తడానికి వంగాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఇందాక నవ్విన పడుచు చెరువు అవతలి పక్క బండి దగ్గర ఉంది. ముసలమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచి, తట్ట ఎత్తిపొమ్మంది. ఆ పిల్ల తన బండి నింపి రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ముసలమ్మ నిండిన తట్ట పక్కన, ఎండలో, నా వైపు చూడకుండా నిలబడే ఉంది.